అరవై ఆరో పొయ్యి

బావిలో కప్పలు వెల్లకిలా తేలిన సంగతి ముందు చూసింది కరీమున్. సాయిబుల బజారులో మాబూబీ కోడలు. తెల్లవారుతూనే చేద వేసి లాగితే నీళ్ళ మీద తెల్లటి తెట్టు, ముక్కు పగిలిపోయే మందు వాసన. ఆ పిల్ల చేదను అక్కడే వదిలేసి, "ఎవరూ నీళ్ళు తాగబాకండి! బావిలో పత్తిమందు పడింది!" అని అరుచుకుంటూ మా బడి దాకా పరుగెత్తుకొచ్చింది.

ఎనభై ఆరు అక్టోబరు నెలాఖరు. ఆ ఏడు పత్తిని తెల్లదోమ పట్టింది. రైతులు రోజు విడిచి రోజు మందు కొట్టించేవాళ్ళు. కొట్టేది ఊరి చివర మా పల్లెవాళ్ళూ, సాయిబుల బజారువాళ్ళూ. పొలం నుంచి వస్తూ ఎవరో బావి దగ్గర పంపు కడిగారు, మందు డబ్బా జారి లోపల పడింది. ఎవరన్నది ఆ రోజు తేలలేదు, ఈ రోజుకీ తేలలేదు. తేలి ఉంటే నాలుగు తన్నేవాళ్ళం. దాంతో నీళ్ళు బాగుపడతాయా?

మా రెండు బజార్లకూ అదొక్కటే మంచినీళ్ళ బావి. బోరింగు ఉంది గానీ దాని నీళ్ళు ఉప్పు కషాయం. పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిపప్పు మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉంటుంది. ఊళ్ళో రైతుల బావి ఉంది. అక్కడికి మేం పోము, వాళ్ళు రమ్మనరు. ఆ సంగతి ఇక్కడ విప్పను, విప్పానంటే ఈ కథ ఇవాళ్టికి తెమలదు.

నా పేరు ఎలీసమ్మ. మిషను ఎలిమెంటరీ బడిలో టీచర్ని. మా ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు. కూతురు ఒంగోలులో హాస్టల్లో ఉండి చదువుకునేది. బడి పక్కన రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. నాకు కోపం జాస్తి అని పల్లెలో ఎవర్నడిగినా చెబుతారు. కోపం ఉన్నవాళ్ళకు పని అప్పజెప్పడం జనానికి భలే ఇష్టం. నాలుగు తిట్లు తిని ఊరుకుంటే చాలు, పని అయిపోతుంది.

ఆ పూటే అద్దంకి నుంచి హెల్తు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సీసాలో నీళ్ళు పట్టుకుని, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "మూడుసార్లు అడుగంటా తోడాలి. బ్లీచింగు వెయ్యాలి. మళ్ళీ పరీక్షకు పంపాలి. అప్పటిదాకా చుక్క ముట్టొద్దు" అన్నాడు.

"ఎన్నాళ్ళు పడుద్దండీ?" అన్నాను.

"ఇరవై రోజులనుకోండి. రేపట్నించి రోజుకొక ట్రాక్టరు ట్యాంకరు పంపిస్తాం. పంచుకోవడం మీ పని. కొట్టుకున్నారని తెలిస్తే మాత్రం ట్యాంకరు రాదు, ముందే చెబుతున్నా" అని స్కూటరెక్కి పోయాడు.

జనమంతా నా మొహం చూశారు. నేను మీరావలి మొహం చూశాను. సాయిబుల బజారు మొదట్లో మందు పంపులు రిపేరు చేసే కొట్టు అతనిది. మాట తక్కువ, లెక్కలో నాకంటే గట్టి. ఇద్దరం బడి వరండాలో కూర్చున్నాం.

"ట్యాంకరుకి రెండొందల బిందెలు పడతయి టీచరుగారూ" అన్నాడు.

"మనిషికింతని పంచుదామా?"

"మనిషికంటే రేప్పొద్దున్నే ఒక్కో ఇంటికి నలుగురు చుట్టాలు దిగుతారు. ఇంటికంటే, ఒకే కప్పు కింద మూడేసి కాపరాలున్నయ్యి. పొయ్యికింతని పెట్టండి. పొయ్యి దాపెడితే దాగదు."

ఆ మాట నాకు ఎంతగా నచ్చిందంటే నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను. పొయ్యికి మూడు బిందెలు. ట్యాంకరు రెండు బజార్ల నడుమ మీరావలి కొట్టు ముందే ఆగాలి. ఒక రోజు పల్లె ముందు, ఒక రోజు సాయిబుల బజారు ముందు. మందు డబ్బాలు తెచ్చినవాళ్ళకు నీళ్ళు లేవు, ఎంత కడిగి తెచ్చినా సరే. బిందె అంటే మామూలు బిందె. ఈ చివరిది మాబూబీ కోసం రాయాల్సి వచ్చింది. ఆమె అప్పుడే పెళ్ళిళ్ళకు వంటలు చేసే గుండిగ ఒకటి బయటికి దొర్లిస్తోంది.

సాయంత్రం కాగితం, పెన్సిలు పట్టుకుని పొయ్యిలు లెక్కపెట్టడానికి బయల్దేరాను. ఒక్కో పొయ్యికీ ఒక నంబరు, దాని కింద తినేవాళ్ళ పేర్లు. సాయిబుల బజారులో పదిహేడు. పల్లెలో నలభై ఎనిమిది. అరవై అయిదు మూళ్ళు నూట తొంభై అయిదు. అయిదు బిందెలు మిగులు. బాలింతలున్న ఇళ్ళకు వస్తాయిలే అనుకుని సంతోషించాను.

బాలస్వామి, జోసఫు అన్నదమ్ములు. పక్కపక్క ఇళ్ళు, మధ్యలో ఒక అరుగు. ఆ అరుగు మీద వాళ్ళమ్మ ఆదెమ్మ కూర్చుని ఏరుకొచ్చిన పత్తికాయల్లోంచి దూది వలుస్తోంది. డెబ్బై దాటిన మనిషి. ఒక నెల పెద్దకొడుకు దగ్గర, ఒక నెల చిన్నకొడుకు దగ్గర తినేటట్టు పదేళ్ళ కిందటే పెద్దమనుషులు వంతు పెట్టారు. బాలస్వామి తన ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పాడు. జోసఫూ చెప్పాడు. రెండింటిలోనూ ఆదెమ్మ లేదు.

"మీ అమ్మేదిరా?" అన్నాను.

"ఇయ్యాళ ముప్పై ఒకటి గదా టీచరమ్మా. నా వంతు ఇయ్యాల్టితో సరి. తమ్ముడి కింద రాయండి" అన్నాడు బాలస్వామి.

"నా వంతు రేప్పొద్దున గదా. మీరు రాసేది ఇయ్యాళ" అన్నాడు జోసఫు.

లోపల్నించి జోసఫు పెళ్ళాం గొంతు వినిపించింది. "రాయించుకోబాకయ్యా! కాగితం ఎక్కిందంటే ఇక వంతుల్లేవు, ఈడనే ఉండిపోద్ది."

ఆదెమ్మ తలెత్తలేదు. చెవుడేమీ లేదు ఆమెకు. చెయ్యి మాత్రం ఆగింది, మళ్ళీ దూది వలవసాగింది. నా ఒళ్ళు మండిపోయింది. పెన్సిలు ములుకు విరిగేటట్టు నొక్కి రాసి, వీధి వీధంతా వినపడేటట్టు చదివాను. "అరవై ఆరు. ఆదెమ్మ. వేరుపొయ్యి. మూడు బిందెలు."

అన్నదమ్ములు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నాకు భలే తృప్తి కలిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరికీ అనుమానం లేకుండా లిస్టంతా గుళ్ళో పైకి చదివాను కూడా. మీరావలి మసీదు దగ్గర చదివాడు. వేరుపొయ్యి అంటే మా వైపు చిన్నమాట కాదు. అన్నదమ్ములు తెగదెంపులు చేసుకున్నప్పుడు పెద్దమనుషులు అనే మాట. అరవై ఆరో నంబరు దగ్గరికి వచ్చేసరికి గుళ్ళో దగ్గులు కూడా ఆగిపోయాయి. బాలస్వామి, జోసఫు తలలు దించుకున్నారు. ఆ మాట నేను ఇంకొంచెం గట్టిగానే చదివాను, అబద్ధమెందుకు.

ట్యాంకరు శనివారం నుంచే మొదలైంది. ఆ ఇరవై రోజులూ నా ప్రాణం రోడ్డు మీదే ఉంది. ఒకరోజు ఏడింటికే వచ్చేది, ఇంకోరోజు పదకొండైనా జాడ ఉండేది కాదు. బడిలో ఎక్కాలు చెప్పిస్తుంటే దూరాన ఏ ట్రాక్టరు చప్పుడు విన్నా పిల్లల తలలన్నీ కిటికీ వైపు తిరిగేవి, వాళ్ళకంటే ముందు నాది తిరిగేది. ఆరో రోజున మధ్యాహ్నం మూడింటి దాకా రాలేదు. బిందెల వరస ఎండలో కాలిపోతోంది, పసిపిల్లలు ఏడుస్తున్నారు, పల్లెవాళ్ళు సాయిబుల బజారును, సాయిబుల బజారువాళ్ళు పల్లెను తిట్టడం మొదలుపెట్టారు. నేను బడి వదిలేసి రోడ్డుకూ కొట్టుకూ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాను. "కూర్చోండి టీచరుగారూ, మీరు తిరిగితే ట్రాక్టరు తొందరగా వస్తదా?" అన్నాడు మీరావలి. అతని మీద కూడా అరిచాను. తీరా చూస్తే అద్దంకి దాటాక టైరు పంచరై ఆగిందట.

మొదటిరోజు సంగతి చెప్పాలి. "అరవై ఆరు, ఆదెమ్మా!" అని పిలిస్తే ఆమె చేతిలో సొట్టలు పడిన సత్తుగిన్నె ఒకటే ఉంది. ఇద్దరు కొడుకులకూ సామాన్లు పంచి ఇచ్చాక ఆ ఇంటి బిందెల్లో ఆమెకు మిగిలింది ఏదీ లేదు. అంతలో బాలస్వామి పెళ్ళాం వచ్చి, "మా అత్తవి ఇవిగో" అని మూడు బిందెలు పెట్టింది. జోసఫు పెళ్ళాం వచ్చి వాటిని పక్కకు నెట్టి తన మూడూ పెట్టింది. "నవంబరు వంతు మాది" అంటుంది ఈమె. "వేరుపొయ్యికి వంతులేంది" అంటుంది ఆమె.

"నోరు ముయ్యండి ఇద్దరూ. పెద్దమ్మా, నువ్వు చెప్పు. ఎవరి బిందెల్లో పొయ్యాలి?" అన్నాను.

ఆదెమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆమెను ఎవరూ ఏమీ అడిగి ఎన్నేళ్ళయిందో. "ఒకటి పెద్దోడికి. ఒకటి చిన్నోడికి. ఒకటి నాకు" అంది.

ఆ రోజు నుంచి ఆదెమ్మ రొట్టె విరిగి నేతిలో పడింది. పెద్దకోడలు కట్టెలు తెచ్చింది. చిన్నకోడలు బియ్యం తెచ్చింది. రేపు రెండో బిందె కూడా తమకే పోయిస్తుందేమోనని ఇద్దరి ఆశ. బాలస్వామి అరుగు పక్కన మూడు ఇటుకలు పేర్చి పొయ్యి వేశాడు. జోసఫు ఒక చాప తెచ్చి ఎండ తగలకుండా కట్టాడు.

ఇది చూసి మిగతావాళ్ళు ఊరుకుంటారా? నాలుగో రోజున మాబూబీ కరీమున్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. "టీచరమ్మా, నాకూ కోడలికీ పడటంలేదు. వేరుపడ్డాం. ఇంకో పొయ్యి రాయి" అంది. వెనకాల కరీమున్ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. సాయంత్రానికి రెండు బజార్లలో తొమ్మిది కాపరాలు చీలిపోయాయి.

మీరావలి తల గోక్కున్నాడు. "డెబ్బై అయిదు పొయ్యిలు. రెండొందల పాతిక బిందెలు. ట్యాంకరేమో పెరగదాయె."

"రోజూ వండే పొయ్యే పొయ్యి. నేనొచ్చి బూడిదలో చెయ్యి పెట్టి చూస్తాను. చల్లగా ఉంటే కొట్టేస్తాను" అన్నాను.

అన్నట్టే ఇల్లిల్లూ తిరిగాను. మాబూబీ కొత్త పొయ్యిలో బూడిద వేడిగానే ఉంది. రాళ్ళకు మాత్రం మసి లేదు. పాత పొయ్యిలోది చేటతో తెచ్చి పోసింది మహాతల్లి. ఇంకో ఇంట్లో నిప్పుల మీదే చెయ్యి పెట్టి వేళ్ళు కాల్చుకున్నాను. అది నిజం పొయ్యే, ఆ అత్తాకోడళ్ళు నా లిస్టు పుణ్యమా అని నిజంగానే కొట్టుకుని విడిపోయారు. వాళ్ళకు బాలింతల బిందెల్లోంచి రెండు సర్దాను. మిగతా ఎనిమిదీ కొట్టేశాను. దుమ్మెత్తిపోశారు. పోస్తే పొయ్యనీ అనుకున్నాను.

చివరికి ఆదెమ్మ దగ్గరికి వెళ్ళాను. చెయ్యి పెట్టాల్సిన పనే లేదు, చట్టిలో పప్పు కుతకుతమంటోంది.

"ఉడికిందమ్మా! చూడు, వెన్నలాగ ఉడికింది" అని గరిటెతో ఎత్తి చూపించింది. ఒక ముద్ద కలిపి నా చేతిలో పెట్టింది. తిన్నాను. ఉప్పు కొంచెం ఎక్కువైంది.

"నాకు ఉప్పు కాస్త ఉండాలి. కోడళ్ళు వెయ్యరు" అంది. తర్వాత నా చేతిలో కాగితం వంక చూసి, "నా పేరు ఉందా అమ్మా అందులో?" అని అడిగింది. చూపించాను. చదువురాని మనిషి. పేరు మీద వేలు పెట్టి, అక్షరాలు చెరిగిపోతాయేమోనన్నట్టు వెంటనే తీసేసింది.

ఈ లోపల బావి పని నడిచింది. మీరావలి ఎక్కడో మూలపడ్డ ఆయిలింజను ఒకటి పట్టుకొచ్చి నడిపించాడు. మూడుసార్లు తోడారు. మగవాళ్ళు దిగి ఒండ్రంతా తీశారు, డబ్బా దొరికింది, దాన్ని ఊరవతల గొయ్యి తీసి పూడ్చారు. ఇరవై ఒకటో రోజున అద్దంకి నుంచి కాగితం వచ్చింది. నీళ్ళు తాగొచ్చని. కరీమున్ మొదటి చేద లాగింది. మాబూబీ వాసన చూసి, పుక్కిలించి, తాగి, "అల్లా!" అంది. పల్లె ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. నేను ఇంటికి వచ్చి చాప పరుచుకుని, పట్టపగలు ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను.

లేచేసరికి గుమ్మంలో ఆదెమ్మ.

"రేపు టాంకరు రాదా అమ్మా?"

"ఇక ఎందుకు పెద్దమ్మా? బావి బాగుపడిందిగా!" అన్నాను నవ్వుతూ.

"అవున్లే" అని కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. నా బుర్రకు ఏమీ తట్టలేదు. ఇరవై రోజులు మనిషి మనిషి మొహం చూసి లెక్కలు కట్టినదాన్ని, ఆ మొహం మటుకు చూడలేదు.

తర్వాత వారం రోజులు నాకు కాలు నిలిచేది కాదు. పని అయిపోయినా ఒంట్లో పరుగు ఆగదు. ట్రాక్టరు చప్పుడైతే లేచి నిలబడేదాన్ని. అట్లా తిరుగుతూ తిరుగుతూ శనివారం పొద్దున ఆ అరుగు దగ్గరికి పోయాను. ఆదెమ్మ మూడు ఇటుకల ముందు కూర్చుని ఉంది. చట్టి బోర్లించి ఉంది. ఎందుకో వంగి బూడిదలో చెయ్యి పెట్టాను.

చల్లగా ఉంది. పైన చీమలు పాకుతున్నాయి.

"ఎప్పుడు తిన్నావు పెద్దమ్మా?"

"నిన్న మాబూబీ గంజి పోసింది. మంచిది ఆ సాయిబులామె" అంది.

జోసఫు ఇంట్లోకి దూసుకుపోయాను. "నవంబరు నీ వంతు కదరా! అమ్మకు అన్నం ఏది?"

జోసఫు కంగారుపడలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. "ఆమెది వేరుపొయ్యి గదండీ టీచరమ్మా. మీరే రాశారు" అన్నాడు. బాలస్వామీ గడపలోంచి ఆ మాటే అన్నాడు. "గుళ్ళో అందరి ముందు చదివారు గదా. అప్పుడు మేం తల దించుకున్నాం. ఇప్పుడు మేం మళ్ళీ కలుపుకోవాలంటే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మాట్టాడాల."

వాళ్ళకు సిగ్గు రావాలని నేను వీధిలో అరిచిన మాట అది. ఆ మాటనే వాళ్ళు తలుపుకు గడియలా పెట్టుకున్నారు. ఇద్దరూ నా వంతు కాదన్న ఆ ఒక్క పూటలో ఆమె ఎవరి వంతు అని ఇంకొంచెం ఓపికగా అడిగి ఉంటే, ఎవరో ఒకరి కింద పడి ఉండేది. నేను ఓపిక పట్టలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందర్నీ కూర్చోమన్నాను. మీరావలి కూడా వచ్చి బయట చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆదెమ్మ ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుంది.

"లిస్టు నీళ్ళ కోసం రాసింది. నీళ్ళ పని అయిపోయింది. అరవై ఆరో నంబరు కొట్టేస్తున్నాను. నేను కోపంలో తప్పు రాశాను, అందరి ముందు ఒప్పుకుంటున్నాను" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు.

ఒక పెద్దమనిషి అన్నాడు, "కొట్టెయ్యండమ్మా. కొట్టేసి ఎవరి కింద రాస్తారో చెప్పండి."

బాలస్వామి కిటికీ వంక చూశాడు. జోసఫు చాప అంచు పీకుతున్నాడు. పాస్టరుగారు ఇద్దర్నీ పేరు పెట్టి అడిగారు. వాళ్ళు నేల చూపులే చూశారు. గుళ్ళో అంతమంది ఉన్నారు, ఒక్కళ్ళూ కదల్లేదు. ఆదెమ్మ అందరి మధ్యా, ట్యాంకరు ముందు సత్తుగిన్నె పట్టుకుని నిలబడ్డ రోజు కంటే చిన్నగా అయిపోయి కూర్చుంది. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. మండితే నేను ఆగను.

"మీరెవరూ వద్దు! నా పొయ్యి కింద రాస్తున్నాను. ఆదెమ్మ నా ఇంటికి వస్తుంది" అన్నాను.

ఆడవాళ్ళ వరసలో నుంచి హమ్మయ్య అన్న నిట్టూర్పు వినపడింది. "దేవుడు మీకు మేలు చేస్తాడమ్మా" అన్నారెవరో. బాలస్వామి అప్పటికే లేచి పంచె దులుపుకుంటున్నాడు. అంత త్వరగా తేలిపోతుందని వాళ్ళు అనుకోలేదు.

ఆదెమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. కొంగు సర్దుకుంది. నా దగ్గరికి వచ్చి, అలవాటైన గొంతుతో, ఏ నిష్ఠూరమూ లేకుండా అడిగింది.

"నీ వంతు ఎన్నాళ్ళమ్మా?"

గుడి నిండా జనం నా జవాబు కోసం చూస్తున్నారు. ఎన్నాళ్ళో నేను అనుకోలేదు.